మా అత్త మందార కంచె

మా అత్త పోయింది. రాత్రంతా వాన పడి వెలిసిన పొద్దున, ఆస్పత్రి నుంచి మా ఆయన సైకిలు మీద వచ్చి, గేటు దాకా పోకుండా కంచె అవతలే కాలు కింద పెట్టి నిలబడ్డాడు. నేను ఇవతల వాకిలి ఊడుస్తున్నాను. "అమ్మ లేదు" అన్నాడు. అత్త జబ్బుపడ్డాక కంచెకు కత్తెర తగల్లేదు కాబట్టి అది అప్పటికే రొమ్ము ఎత్తుకు వచ్చింది. ఆ ఆకుల మీదుగా ఆయన మొహం చూస్తూ చీపురు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను.

కోడలు అత్తను తలచుకొని రాస్తోందంటే చదివేవాళ్ళకు నవ్వు రావచ్చు. రానివ్వండి. మేమిద్దరం తక్కువ పోట్లాడుకోలేదు. చారులో ఉప్పు దగ్గర, పిల్లలకు నూనె అంటడం దగ్గర, మా పుట్టింటివాళ్ళ ప్రస్తావన దగ్గర ఆమె గొంతు లేపేది, నేను మొహం ముడుచుకొనేదాన్ని. అయినా, పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ వరసగా కూర్చొని "భూదేవి అంత ఓర్పు ఆమెది" అంటుంటే నాకు ఒళ్ళు మండింది. మా అత్తకు ఓర్పు ఎన్నడూ లేదు. ఆమెను పోయాక సాధువును చేసి గోడకు తగిలించడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కోలారు దిక్కు నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చేసరికి తెల్లదొరల యుద్ధం జరుగుతోంది. మా ఇల్లు కంటోన్మెంటు దాటాక పాత మద్రాసు రోడ్డుకు దగ్గర, కృష్ణరాజపురం పోయే దారిలో ఉంది. మామకు హలసూరులో చిల్లర అంగడి. అంగట్లో అమ్మే అప్పడాలు ఇంట్లో ఆడవాళ్ళు వత్తేవి. ఇంటికి వెనక ఎండ రాదు, పక్కింటి గోడ నీడ. ఎండ పడేది ముందు వాకిట్లోనే. పిండి దంచడం, అప్పడాలు ఎండబెట్టడం, తల ఆరబెట్టుకోవడం, పిల్లల్ని ఆడించడం, కాస్త గాలి పీల్చుకోవడం, అన్నీ అక్కడే. ఆ వాకిలికి ముందు మట్టి గోడ ఉండేది.

నేను వచ్చిన ఏడాదే వానలకు ఆ గోడ కూలింది. అదే కాలంలో ఎదుటి మైదానంలో సిపాయిల గుడారాలు లేచాయి. పొద్దున లేచి చూస్తే మా వాకిలి, మధ్యలో రోడ్డు, అవతల లారీలు, వందలమంది మగవాళ్ళు. గోడ మళ్ళీ కడదామంటే ఇటుక లేదు, సిమెంటు లేదు, ఇనుము అసలే లేదు. ఉన్నదంతా యుద్ధానికే పోతోంది. మామ వెదురు తడిక తెచ్చి కట్టించాడు. అది రెండు గాలులకే రోడ్డు మీద పడింది.

"ఇంక తలుపు మూసుకొని లోపలే పని చూసుకోండి" అన్నాడు మామ. "యుద్ధం అయిపోయినాక గోడ కట్టిస్తా."

"అన్నేండ్లు లోపలుండేదానికి నేనేమన్నా కోడినా, గంప కింద మూసేదానికి?" అంది అత్త. "యుద్ధం వాళ్ళది. వాకిలి మాది."

మామ చెడ్డవాడు కాదు. భయస్తుడు. చుట్టుపక్కల ఇళ్ళన్నిట్లో ముందు తలుపులు అప్పటికే మూతపడ్డాయి. ఆ సిపాయిలు మమ్మల్ని ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. అయినా ఆడవాళ్ళు లోపలికి పోవడం అన్నది ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది. ఒకసారి పోతే మళ్ళీ బయటికి రావడానికి మాత్రం అందరూ చెప్పాలి. ఆ సంగతి మా అత్తకు బాగా తెలుసు.

కంటోన్మెంటులో బంగళాల తోటమాలులు కత్తిరించి పారేసిన మందార కొమ్మలు రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉండేవి. అత్త సంతకు పోయి వస్తూ వాటిని మోపు కట్టి తలమీద పెట్టుకొని, అందరూ చూస్తుండగా పట్టపగలు తెచ్చింది. మా ఇళ్ళల్లో మందారాన్ని దాసవాళం అంటారు. ఎర్రది, ఒంటి రెక్కది. కూలిన గోడ మట్టినే తవ్వి, పేడ కలిపి, రెండు వరసల్లో నాటించింది. ఒక వరసలో ఖాళీ ఉన్నచోటికి ఎదురుగా రెండో వరసలో కొమ్మ రావాలి. ఒకటి తప్పితే పీకించి మళ్ళీ నాటించింది. నా గోళ్ళల్లో మట్టి చాలా రోజులు పోలేదు.

కొమ్మలు చిగురు వేశాయి. కంచె జానెడు ఎత్తు ఉంది. అంతే, చిగురు కనపడిన మరుసటి రోజే అత్త ముందు తలుపు బార్లా తీసి, చాప పరిచి, నన్ను అప్పడాల పీటతో వాకిట్లోకి రమ్మంది. ఆమె అరుగు మీద, నేను కింద చాప మీద. ఎదురుగా గుడారాలు.

"అత్తా, అందరికీ కనపడతాండాము" అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"కంచె ఉండాది గదా" అంది.

"యాడ ఉండాది? మోకాలంత కూడా లేదే."

"నాటినాము. ఉండాది. నువ్వు పిండి చూడు."

నేను రోడ్డుకు వీపు తిప్పి కూర్చున్నాను. "రోడ్డు నీకేం అన్యాయం చేసినాదే పిల్లా, తిరుగు" అంది. తిరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. రెండో రోజు కొంచెం తక్కువ చచ్చాను. వారం తిరిగేసరికి నాకు అప్పడం గుండ్రంగా రాలేదన్న దిగులే మిగిలింది. మామ మధ్యాహ్నం భోజనానికి వచ్చి మమ్మల్ని అట్లా చూసి, చెప్పులు విడవకుండానే అరిచాడు. ఆ జానెడు మొక్కల చాటున ఏం దాగుతుందని అడిగాడు. దాగేదానికి ఎవరు చెప్పారని ఆమె అడిగింది. భోజనం మాత్రం వేడివేడిగా పెట్టింది.

దీపావళి నాటికి కంచె మోకాలు దాటింది. అక్కడక్కడ మొగ్గలు వచ్చాయి. మొదటి పువ్వు దేవుడికి పెట్టాలని నేను రోజూ పోయి చూసుకొనేదాన్ని. ఒక పొద్దున మచ్చుకత్తి చప్పుడుకు బయటికి వచ్చి చూస్తే, అత్త ఈ చివర నుంచి ఆ చివర దాకా కంచెను మళ్ళీ జానెడుకు నరికేస్తోంది. మొగ్గలు నేల మీద పడి ఉన్నాయి. ఎత్తు కావాలని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నప్పుడు చేసిన పని ఇది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మామ పళ్ళపుల్ల నోట్లోనే ఉంచుకొని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మే, మతి పోయిందా నీకు? ఇప్పుడిప్పుడే లేస్తాంటే నరుకుతావా?"

"పైకి పోవడం దానికి తెలుసు. పక్కలకు రావడం మనం నేర్పాల" అంది అత్త, వంచిన నడుము ఎత్తకుండా. "ఇట్లే వదిలితే తలకాయ ఒకటి పెరుగుతాది, కింద కాళ్ళు బోసిగా ఉంటాయి. కుక్క దూరుతాది, పంది దూరుతాది. అది కంచెనా?"

మరుసటి ఏడు కూడా అట్లాగే నరికింది. అప్పటికి నేను ఏడవలేదు. నరికిన ప్రతిచోటా రెండు మూడు కొమ్మలు పుట్టుకొచ్చాయి. కింద వెడల్పుగా, పైన సన్నంగా ఉండేటట్టు చెక్కేది. పైన లావయితే కింది ఆకుకు ఎండ తగలదని చెప్పేది. యుద్ధం చివరలో ఖాళీ అయిన ఒక బంగళా సామాను అమ్ముతుంటే రెండు చేతుల పెద్ద కత్తెర ఒకటి కొనుక్కొచ్చి, ఆముదం రాసి, పాత చీర అంచులో చుట్టి దేవుడి గూటి పక్కనే పెట్టింది. ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చినా ఆ కత్తెర తీసేది. సాయంత్రం ఆకుల కుప్ప చూసి ఆ రోజు కోపం ఎంతో చెప్పేవాళ్ళం. కుప్ప మరీ పెద్దదయితే చారులో ఉప్పు గురించి ఆ పూట ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

కంచె ఇంకా పిల్లగా ఉన్నప్పుడే ఒక సంగతి జరిగింది. గుడారాల దగ్గర సిపాయిలు బంతి ఆడుతున్నారు. బంతి రోడ్డు దాటి మా అప్పడాల మీద పడింది. దాని వెనకే ఒక తెల్లవాడు, ఎండకు కందిన మొహంతో పరుగెత్తుకొచ్చాడు. మా మొక్కలు వాడి పిక్కల దాకా కూడా రావు. దాటడానికి కాలు ఎత్తాడు. నేను లేచి లోపలికి పోబోయాను. అత్త లేవలేదు. అరుగు మీద కూర్చొనే వాణ్ణి చూసి, చెయ్యి చాచి చూపించి, "దావ ఆపక్క ఉండాది నాయనా" అంది, తెలుగులోనే.

వాడికి మాట తెలియదు, చెయ్యి తెలిసింది. ఎత్తిన కాలు అట్లాగే వెనక్కి పెట్టుకున్నాడు. కంచె పొడుగునా నడుచుకుంటూ పోయి, గేటు ఉండాల్సిన చోటికి వచ్చి నిలబడ్డాడు. అక్కడ అప్పటికి గేటు కూడా లేదు, రెండు రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య నిలబడి టోపీ తీశాడు. అత్త అప్పుడు లేచి, బంతి తీసి ఇచ్చింది, చెంబుతో నీళ్ళు కూడా ఇచ్చింది. విరిగిన అప్పడాలను కూడా చూపించింది. వాడు ఎర్రబడి ఏదో చెప్పుకొని పోయాడు.

ఇదంతా భోజనానికి వస్తున్న మామ రోడ్డు మీద నిలబడి చూశాడు. ఆ రోజు నుంచి తలుపు మూయమన్న మాట ఆయన నోట రాలేదు. నాకు మాత్రం ఆ పూట ఒకటి అర్థమైంది. ఆ జానెడు మొక్కల వెనక అత్త కూర్చున్న తీరే కంచె. మొక్కలు తరువాత పెరిగి దాన్ని అందుకున్నాయి.

యుద్ధం అయిపోయింది, గుడారాలు లేచిపోయాయి. మైదానంలో మళ్ళీ మేకలు మేశాయి. కంచె తలెత్తు అయింది. ఏడాది పొడుగునా ఎర్రగా పూసేది. మొక్కు ఉన్నవాళ్ళు, పూజ ఉన్నవాళ్ళు బయటి నుంచి చేతికి అందినన్ని కోసుకొనేవాళ్ళు, అత్త ఏమీ అనేది కాదు. కొమ్మ విరిస్తే మాత్రం వాళ్ళ ఏడు తరాలను పేరు పేరునా పిలిచేది.

అప్పుడు మామకు ఆ కంచె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవాడు. ఇంకో రెండడుగులు లేపితే ఇంకా బాగుంటుందనేవాడు. ఒక రోజు అరుగు మీద ఎవరికో కాఫీ ఇప్పిస్తూ, "మా ఇంటి ఆడవాళ్ళు యాడ ఉండారో రోడ్డుకే తెలీదప్పా" అన్నాడు. తలుపు వెనకనే ఉన్న అత్త ఆ మాట విన్నది. చుట్టం పోయినాక గ్లాసులు కడిగి బోర్లించింది, అంతే. ఆమె ఏమీ అనలేదంటే మా అందరికీ భయమే.

మరుసటి రోజు శ్రావణ శుక్రవారం. తలంటు పోసుకొని, ముడి వేసుకొని, కత్తెర తీసుకొని వాకిట్లోకి వచ్చింది. కంచె నిండా మొగ్గలు. తలెత్తు కంచెను నడుము ఎత్తుకు కోయడం మొదలుపెట్టింది.

"శుక్రవారం పూట మొగ్గ కొమ్మను నరుకుతావా? అమ్మవారికి ఏం పెడతావు?" అన్నాడు మామ. నిజంగానే భయపడ్డాడు.

"నరికిన మొగ్గంతా ఆయమ్మకే. గంపల్తో పెడతా. తప్పయితే ఆమెనే వచ్చి నన్ను అడగనీ."

"ఇన్నేండ్లు కష్టపడి పెంచింది ఎందుకు మరి?"

అత్త కత్తెర ఆపింది. "కనపడకుండా పోయేదానికి పెంచలేదు నేను. వాకిట్లో కూచునేదానికి పెంచినా. అప్పుడు లోపల ఉండమన్నావు, ఇప్పుడు ఆకుల వెనక ఉండమంటావు. రెండిటికీ తేడా ఏముండాది? నేను ఈడ ఉండానని రోడ్డుకు తెలియాల."

మధ్యాహ్నానికి కోత పూర్తయింది. దేవుడి గూడు మొగ్గలతో నిండిపోయింది, మిగిలినవి వీధి వీధంతా తీసుకుపోయారు. మామ వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. "మాట్లాడకపోతే సుమ్నే ఊరకుండనీ, నాకూ కొంచెం నిమ్మళం" అంది అత్త. ఆ తరువాత ప్రతి ఏడూ అదే ఎత్తుకు కోసింది.

ఈ ఎండాకాలం చివర ఆమెకు రొమ్ములో నెమ్ము పట్టింది. ఆస్పత్రిలో నేను చూసిన చివరిసారి ఆయాసంతో మాట రావడం లేదు. అయినా అడిగింది, "కంచె ఎంత ఎత్తయింది?" రొమ్ము ఎత్తయిందని చెప్పాను. "నువ్వేం చేస్తాండావు మరి, నిద్రపోతాండావా?" అంది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అది. పూలదండలు వేసి మాట్లాడే ఏ మాటకన్నా నాకు అదే ఎక్కువ. ఆ తిట్టులో నన్ను మనిషిగా లెక్కపెట్టింది.

కర్మలు అయిపోయాయి. వానలకు కంచె ఆగకుండా లేచింది. నేను కత్తెర తీయబోతే మామ వద్దన్నాడు. "ఆమె చెయ్యి పెట్టిన కంచె. ఇంక ఎవురూ ముట్టొద్దమ్మా. దాని ఇష్టం వచ్చినంత పెరగనీ." ఇంట్లో చావు జరిగిన ఏడు అట్లాంటి సింగారాలు చేయకూడదని చుట్టాలు కూడా వంత పాడారు. మామ రోజంతా అరుగు మీద కూర్చొని దాన్నే చూస్తూ ఉండేవాడు. ఆయన దుఃఖం నాకు తెలుసు. కాదనడం ఎట్లా? కానీ నిలబడి చూసినా రోజు రోజుకూ రోడ్డు కనపడకుండా పోతోంది. ముందు నడిచేవాళ్ళ మొహాలు పోయాయి, తరువాత తలమీది గంపలు పోయాయి, చివరికి జట్కావాడి కొరడా కొస ఒక్కటే కనబడేది. పోయిన ఉగాదికి కాపురానికి వచ్చిన మా తోడికోడలు, పంతొమ్మిదేళ్ళ పిల్ల, అప్పడాల పీట తనంతట తానే లోపలికి తీసుకుపోయి వంటింట్లో వత్తడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే, "ఎందుకో అక్కా, ఆడ బాగలేదు" అంది.

ఆ మాట వినగానే దేవుడి గూటి దగ్గరికి పోయాను. కత్తెర తీశాను.

"వద్దన్నా గదమ్మా" అన్నాడు మామ.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆయన ఎదుట నిలబడి బదులు చెప్పింది లేదు. అప్పుడు చెప్పాను. "అత్త గుర్తు కావాలంటే ఆమె చీర పెట్టుకుందాం మామా. దీన్ని ఇట్లే వదిలితే ఆమెది ఏమీ మిగలదు. ఆ పిల్ల అప్పుడే లోపలికి పోయింది, చూసినారా?"

ఆయన వంటింటి వైపు చూశాడు. తరువాత మెల్లగా అన్నాడు, "సరే, ఆమె కోసిన ఎత్తుకే కొయ్యి. ఒక రవ్వ కూడా కిందికి పోవద్దు."

ఆ ఎత్తు వెతకనక్కరలేదు. ఏటేటా కోసినచోట కొమ్మలు ముడులు పడి ఉన్నాయి. అక్కడిదాకా కోసి, చాప పరిచి, తోడికోడల్ని పీటతో సహా పిలిచి, పక్కన నేను కూర్చున్నాను. ఎదురుగా ఆకులు. ఉత్త ఆకులు.

నాకు కొత్త కాదు అది. కానీ ఆ రోజే దాన్ని చూశాను. మా అత్త కంచె కోసింది అరుగు మీద కూర్చున్న కంటి ఎత్తుకు. అరుగు అత్తది, చాప కోడళ్ళది. ఇన్నేళ్ళూ పైనుంచి ఆమె "అదో, పాలాయన వస్తాండాడు", "అదో, పెండ్లి బండి పోతాంది" అని చెబుతుంటే కింద కూర్చొని విన్నాను. చాప మీదికి రోడ్డు కనబడుతుందా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అంత పెద్ద మనిషికి కూడా ఆ ఒక్కటి తోచలేదు.

లేచి మళ్ళీ కత్తెర పట్టాను. ముడుల కింద కొమ్మ గట్టిది, చేతులు బొబ్బలెక్కాయి. కొంత కోయడం, వచ్చి చాప మీద కూర్చొని చూడడం, మళ్ళీ లేవడం. మామ అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు.

"ఎందుకమ్మా ఇంత కష్టం?" అన్నాడు చివరికి. "అరుగెక్కి కూచో. ఇంక అది నీదే గదా."

"నేను అరుగెక్కితే చాప మీద ఈ పిల్ల ఉంటాది మామా" అన్నాను.

ఇంకో వరస కోసి వచ్చి కూర్చున్నాను. మా తోడికోడలు పిండి చేతులతో అట్లాగే తలెత్తింది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడుతోంది. "అక్కా, ఎవురో పోతాండారు" అంది. చాప మీద నుంచే నేనూ చూశాను.